గుంట అంటే 121 గజాలు కాదు

ముందుగా ఒక చిన్న పరీక్ష. "మా అన్నయ్యకి ఇద్దరు గుంటలు" అని ఎవరైనా అంటే మీకేం అర్థమవుతుంది?

మీది కరీంనగరో వరంగలో అయితే "రెండు" అనబోయి "ఇద్దరు" అన్నాడనుకుని, గుంటకి 121 గజాల చొప్పున 242 గజాలని లెక్కేస్తారు. ఊళ్ళో అయితే సరే, హైదరాబాదులో అయితే అన్నయ్య కోటీశ్వరుడే అనుకుంటారు. మీది గుంటూరో విజయవాడో అయితే ఇంటి ముందు నీళ్ళు నిలిచిన గోతులు కనిపిస్తాయి. మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం, భీమిలికీ విజయనగరానికీ మధ్యలో ఉంటుంది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. మా అన్నయ్యకి ఇద్దరు కూతుళ్ళు. అంతే. నలభై గుంటలు ఒక ఎకరం అన్న లెక్క నాకు హైదరాబాదు వచ్చాకే తెలిసింది. మా దగ్గర భూమి సెంట్లలో ఉంటుంది, వందైతే ఎకరం.

గడ్డ సంగతి ఇంకా గమ్మత్తు. తెలంగాణలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, కందగడ్డ... నేలలో ఊరేదంతా గడ్డే. చిత్తూరు, కడప వైపు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. అదే ఎర్రగడ్డ హైదరాబాదులో మెట్రో స్టేషను. మా వైపు గెడ్డ అంటే వాగు. విశాఖకి నీళ్ళిచ్చే మేఘాద్రిగెడ్డ పేరులో ఉన్నది ఆ గెడ్డే. కాబట్టి మా ఊరివాడు "గెడ్డలో దిగాం" అంటే స్నానం చేశాడని అర్థం, ఉల్లిపాయల్లో పడ్డాడని కాదు :)

ఇక అప్ప. మా వైపు అప్ప అంటే అక్క. బెంగుళూరులో పని చేసే మా వాడొకడు "మా అప్ప పెళ్ళి, వారం సెలవు కావాలి సార్" అంటే, కొద్దిగా తెలుగొచ్చిన కన్నడ మేనేజరు గారు చాలాసేపు ఏం మాట్లాడలేదట. కన్నడంలో అప్ప అంటే నాన్న. పాపం ఈ వయసులో ఆయనకి పెళ్ళేమిటా అనుకుని ఉంటారు.

ఇలాంటివి మనకే ఉన్నాయనుకుంటే పొరపాటు. ఇంగ్లీషు వాళ్ళూ ఇంతే. మా కాలేజీ స్నేహితులు ఇద్దరు, ఒకడు టొరంటోలో, ఒకడు డల్లాస్‌లో ఉంటారు. డల్లాస్ వాడు రెస్ట్‌రూమ్ అంటే టొరంటో వాడు వాష్‌రూమ్ అంటాడు. అమెరికాలో స్మార్టీస్ కొంటే పుల్లపుల్లటి చక్కెర బిళ్ళలొస్తాయి, కెనడాలో కొంటే రంగు పూసిన చాక్లెట్ బిళ్ళలొస్తాయి. పేరొకటే, సరుకు వేరు. ఆస్ట్రేలియా వాడు హవాయి చెప్పుల్ని థాంగ్స్ అంటాడు, పక్కనున్న న్యూజీలాండ్ వాడు జాండల్స్ అంటాడు. అమెరికా వెళ్ళి థాంగ్స్ అడిగితే లోదుస్తుల షాపు చూపిస్తారు. ఆస్ట్రేలియాలో స్వీట్ పొటాటో న్యూజీలాండ్‌లో కుమరా, అది మావోరీ మాట. మనకీ అంతే కదా, మా వైపు చిలగడదుంప, తెలంగాణలో కందగడ్డ, రాయలసీమలో గెనుసుగడ్డ. రష్యా నర్తకి అన్నా పావ్లోవా 1926లో ఆ రెండు దేశాల్లోనూ తిరిగి ప్రదర్శనలిచ్చింది. ఆవిడ పేరుతో ఉన్న పావ్లోవా అనే తీపి పదార్థం మాదంటే మాదని ఆ రెండు దేశాలూ ఇప్పటికీ వాదించుకుంటాయి. మన బిర్యానీ గొడవల కంటే ఏం తక్కువ కాదు.

మనం కూడా 2014 జూన్ 2 నుంచి పక్కపక్క ఇళ్ళ వాళ్ళమే. ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్ 2తో అయిపోయింది. భాష మాత్రం ఉమ్మడిదే.

హైదరాబాదులో నా మొదటి రూమ్మేటు సిరిసిల్ల అబ్బాయి. ఒక సోమవారం ఊరి నుంచి వచ్చి "టమాట తొక్కు తెచ్చిన అన్నా" అన్నాడు. టమాటా తొక్కలతో ఏం చేస్తారో అనుకున్నాను. డబ్బా తీస్తే ఘుమఘుమలాడే పచ్చడి. వాడి సల్ల మా మజ్జిగ. వాడి పుంటికూర మా గోంగూర. వాడి మురుకులు మా జంతికలు. వాడి గరిజెలు మా కజ్జికాయలు. అసలు నన్ను బాగా తికమక పెట్టింది ఇవి కాదు, "కూసోరాదు అన్నా" అన్న మాట. మా బడిలో నేర్చుకున్న తెలుగులో "కూర్చోరాదు" అంటే కూర్చోకూడదని. వాడి తెలుగులో "కూర్చోవచ్చు కదా" అని ప్రేమగా పిలవడం. ఆ వాక్యాన్ని గోడ మీద రాస్తే ఒక రాష్ట్రం వాళ్ళు నిలబడతారు, ఇంకో రాష్ట్రం వాళ్ళు కూర్చుంటారు.

మా అమ్మ పద్ధతిలో పులుసు పెట్టి అందులో బెల్లం ముక్క వేస్తుంటే "పులుసుల బెల్లమేంది అన్నా, పాయసమా?" అన్నాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, దాని పక్కన బతికేవాళ్ళం ఇంకేం వేస్తాం అన్నాను. వాడు నాకు పచ్చిపులుసు నేర్పాడు. పొయ్యి మీద పెట్టకుండా, చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి చేసేది. ఎండాకాలం దానికి మించింది లేదు. నేను ఆవ పెట్టిన అరటికాయ కూర చేసి పెట్టాను. మొదటి ముద్దకి ఘాటు ముక్కులోకెక్కి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి "అన్నా, ఆ బెల్లం పులుసు చెయ్యరాదు" అన్నాడు. ఆ పాటికి నాకు ఆ మాట అర్థం తెలిసిపోయింది కాబట్టి చేశాను.

తిండికి సంబంధించి నాకు కొంచెం బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. రాగుల్ని మా వైపు చోళ్ళు అంటారు, తెలంగాణలో తైదలంటారు. సజ్జలు మాకు గంటెలు. మా నాయనమ్మ తరం వాళ్ళు చోడి అంబలి తాగి, గంటి అన్నం తిని బతికారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే అది పేదోళ్ళ తిండని వదిలేశాం. తర్వాత ఐక్యరాజ్య సమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు మా ఆఫీసు కింద కేఫ్‌లోనూ రాగి మాల్ట్ ఉంది. గ్లాసు మారింది, పేరు మారింది, లోపలున్నది అదే అంబలి. తిండికి గౌరవం తిరిగొచ్చింది, కానీ చోడి అన్న మాట మాత్రం తిరిగి రాలేదు. ఆ కేఫ్‌లో "చోడి అంబలి ఉందా?" అని అడిగితే కుర్రాడు "ఏంటి సార్?" అంటాడు.

ఇంతవరకు నవ్వుకునే విషయాలే. ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

నేను ఇదివరకు పని చేసిన ఒక చోట పక్క టీములోకి శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ఫ్రెషర్ వచ్చాడు. పనిమంతుడు. మొదటివారం "ఏటి", "నేదు", "బేగి అయిపోనాది" అని ధారాళంగా మాట్లాడేవాడు. టీములో వాళ్ళకి అది మంచి కాలక్షేపమైంది. వాడు నోరు తెరవగానే ఒకరు సినిమా డైలాగ్ అందుకునేవారు. లంచ్‌లో "ఇంకోసారి అను" అని అడిగి అనిపించుకునేవారు. ఎవరికీ చెడు ఉద్దేశం ఉందని నేననను. కానీ రెండు నెలలకి వాడు తెలుగులో మాట్లాడటం మానేశాడు. తెలుగువాళ్ళ మధ్య కూర్చుని కూడా వచ్చీరాని ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. ఇంటి నుంచి ఫోనొస్తే మెట్ల దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఆఫీసు బస్సులో నా పక్కన కూర్చున్నాడు. నాది పద్మనాభం అని చెప్పేసరికి తేలికపడ్డాడు. "తెలుగులో మాట్లాడితే నవ్వుతన్నారన్నా. ఇంగ్లీషులో అయితే అందరూ నాలాగే తడబడతారు. ఎవులూ నవ్వరు" అన్నాడు.

నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తుండిపోయింది. మనం యాసని ఎగతాళి చేస్తే అవతలివాడు యాస మార్చుకుంటాడని అనుకుంటాం. మార్చుకోడు. తెలుగునే వదిలేస్తాడు. ఎందుకంటే మన ఆఫీసుల్లో ఇంగ్లీషు అందరికీ పరాయిదే, అక్కడ అందరం సమానం. తెలుగులోనే కొందరు సొంతవాళ్ళు, కొందరు జోకర్లు.

మన భాషలో చెప్పాలంటే ఇది లొకేల్ సమస్య. ఇంగ్లీషుకి అమెరికాది ఒకటి, బ్రిటన్‌ది ఒకటి, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లకి తలా ఒకటి చొప్పున లొకేళ్ళున్నాయి. తెలుగుకి టీఈ-ఐఎన్ ఒక్కటే. వాడిన లొకేల్‌కి సపోర్టు లేకపోతే అప్లికేషన్ ఏం చేస్తుందో మనందరికీ తెలుసు, చప్పుడు చేయకుండా ఇంగ్లీషుకి ఫాల్‌బ్యాక్ అవుతుంది. ఆ కుర్రాడు చేసిందీ అదే.

పక్కపక్క దేశాల ఇంగ్లీషు వాళ్ళూ ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. కానీ అక్కడ మాటకి వెనక దన్నుంది. అమెరికా ఇంగ్లీషుకి వెబ్‌స్టర్ 1828లోనే నిఘంటువు వేశాడు. ఆస్ట్రేలియాకి 1981లో మెక్వారీ నిఘంటువు, కెనడాకి 1998లో కెనడియన్ ఆక్స్‌ఫర్డ్ వచ్చాయి. జాండల్స్ అన్నవాడిని పల్లెటూరి వాడని ఎవరూ అనరు, న్యూజీలాండ్ వాడంటారు.

మనకి అలాంటి ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లా జిల్లాల రైతుల నుంచి సేకరించిన మాటలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. అందులో ఒప్పు మాట, తప్పు మాట అని ఉండదు, ఏ మాట ఎక్కడ వాడతారన్నదే ఉంటుంది. ఇంకో తమాషా చూడండి. గ్రాంథికం వద్దు, జనం మాట్లాడే తెలుగులో రాయండని పోరాడిన ఇద్దరు పెద్దలూ మా వైపు వాళ్ళే. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించింది విజయనగరంలో. గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు తెలుగు చచ్చిపోతోందని స్టేటస్ పెట్టి, మర్నాడు లంచ్‌లో "ఇంకోసారి ఏటి అను" అంటే ఎలా?

అంటే ప్రామాణిక భాష వద్దనా? కాదు. పాఠ్యపుస్తకానికీ, పత్రికకీ అందరికీ తెలిసిన ఒక రూపం కావాలి. నేను ఇది రాస్తున్నదీ ఆ రూపంలోనే. ఇంటర్‌ఫేస్ ఒకటే ఉండాలి, నిజమే. దాని వెనక కోడ్ అందరిదీ ఒకేలా ఉండాలని ఎవరూ అడగరు కదా.

పరిస్థితి మారడం లేదని కూడా అనలేను. ఒకప్పుడు సినిమాల్లో తెలంగాణ మాట విలన్ పక్కనుండే రౌడీకి, మా మాట పనిమనిషికి, వాచ్‌మన్‌కి ఇచ్చేవారు. 2017లో ఫిదా, 2023లో బలగం వచ్చాక తెలంగాణ మాట విని నవ్వేవాళ్ళు తగ్గారు, మాట కలిపేవాళ్ళు పెరిగారు. మాకు 2018లో కేరాఫ్ కంచరపాలెం, 2020లో పలాస 1978 వచ్చాయి. 2025లో తండేల్‌లో హీరోయే శ్రీకాకుళం మాట మాట్లాడాడు. పని మెల్లగానైనా జరుగుతోంది. మిగతాది సినిమా వాళ్ళు చేయలేరు, మన క్యాంటీన్లలో మనమే చేయాలి.

పెద్ద ఉద్యమాలేం అక్కర్లేదు. తెలియని మాట వినిపిస్తే నవ్వే బదులు అర్థం అడిగితే చాలు, ఉచితంగా ఒక మాట మనదవుతుంది. నాకు తొక్కు, సల్ల అలాగే వచ్చాయి. రేపు మీ టీములోకి పలాస నుంచో పార్వతీపురం నుంచో ఎవరైనా కొత్తగా వచ్చి "బిల్డు ఫెయిలైపోనాదేటి సార్?" అంటే, దయచేసి ముందు ఆ బిల్డు సంగతి చూడండి.