వీసా కూడా ఒక ఒడంబడికే

హైదరాబాద్ నగరానికి వాయవ్య దిక్కున ఉన్న బాచుపల్లి ఒకప్పుడు చెరువులు, పొలాలు గల పల్లె. 1995లో వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి, 1997లో గోకరాజు రంగరాజు ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. ఔషధ కర్మాగారాలు వచ్చాయి. 2016లో మండల కేంద్రమైంది. 2019లో నిజాంపేట, ప్రగతినగర్‌లతో కలిసి నగరపాలక సంస్థలో భాగమైంది. నేడు ఆకాశాన్నంటే అపార్టుమెంట్లు, వాటి నడుమ విద్యార్థుల హాస్టళ్లు, వాటి గోడలపై విదేశీ చదువుల కన్సల్టెన్సీల బోర్డులు కనిపిస్తాయి. సాయంత్రం వేళ నడకకు వచ్చిన వృద్ధ దంపతులను పలకరిస్తే కుశల ప్రశ్నల తర్వాత వచ్చే మాట వీసాదే. కొడుకు ఒక ఖండంలో, కూతురు మరో ఖండంలో, తల్లిదండ్రులు ఇక్కడ.

మన ముస్లిం కుటుంబాలలో ఈ దారి రెండుగా చీలుతుంది. ఇంజనీరింగు చదివిన పిల్లల చూపు అమెరికా, కెనడాల వైపు. డ్రైవర్ల, ఎలక్ట్రీషియన్ల, వంటవారి చూపు సౌదీ, దుబాయి, ఖతర్‌ల వైపు. ఎటు వెళ్లినా ముందు దాటవలసిన గడప ఒకటే.

అమెరికా వెళ్లదలచినవారికి ఆ గడప ఇప్పుడు దగ్గరగానే ఉంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీ స్టేషనులో దిగితే, ఆ స్టేషను భవనంలోనే వేలిముద్రలు, ఫొటో తీసుకునే కేంద్రం ఉంది. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటులో జరుగుతుంది. ఆ కాన్సులేటు 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ప్రారంభమై, 2023 మార్చిలో ఇప్పటి సొంత భవనానికి మారింది. అంతకుముందు మన పెద్దలు ఆ కొద్ది నిమిషాల ఇంటర్వ్యూ కోసం చెన్నై దాకా రైలు ప్రయాణం చేసేవారు. అప్పటితో పోలిస్తే దూరం తగ్గింది. కాని ఆ గడప ముందు నిలిచిన మనిషి గుండె దడ మాత్రం తగ్గలేదు.

ఈ మధ్య మా వీధిలోని ఒక పెద్దమనిషి ఇషా నమాజు తర్వాత నా దగ్గర కూర్చున్నారు. జీవితమంతా మోటారు మెకానిక్‌గా పనిచేసి, ముగ్గురు బిడ్డలను చదివించిన మనిషి. విదేశంలో ఉన్న చిన్న కూతురికి తొలి కాన్పు. తల్లి దగ్గర ఉండాలి. దరఖాస్తు నింపే ఏజెంటు రెండు సలహాలు ఇచ్చాడట. మొదటిది, కాన్పు మాట ఎత్తకుండా విహారయాత్ర అని రాయడం. రెండవది, వడ్డీకి తెచ్చిన పదిహేను లక్షలను నెల రోజులు బ్యాంకు ఖాతాలో ఉంచి, సొంత సొమ్ముగా చూపడం.

“మౌలానా, ఎవరి సొమ్మూ కాజేయడం లేదు. బిడ్డ కోసం వెళ్తున్నాం. అందరూ చేస్తున్నదే. ఇది కూడా తప్పేనా?” అని ఆయన అడిగారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. “అది పరాయి ప్రభుత్వం, దానికి నిజం చెప్పవలసిన బాధ్యత మనకేముంది?” అని పైకి అనకపోయినా లోలోన అనుకునేవారు చాలామంది ఉన్నారు. అందుకే ఈ విషయంలో మన ధర్మశాస్త్రం ఏమంటున్నదో కొంత వివరంగా చూద్దాం.

మన ఫిఖహ్ గ్రంథాలలో ‘అమాన్’ అనే అధ్యాయం ఉంది. అమాన్ అంటే అభయం. ఒక రాజ్యం వారు మరో రాజ్యంలో ప్రవేశించేటప్పుడు పొందే రక్షణ హామీ. అలా ప్రవేశించిన వ్యక్తిని ‘ముస్తఅమిన్’ అంటారు. నేటి వీసా ఆ అమాన్‌కు రూపాంతరమే. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) గారి శిష్యులు, హిజ్రీ 189లో పరమపదించిన ఇమామ్ ముహమ్మద్ షైబానీ (రహ్మలై) అంతర్జాతీయ సంబంధాలపై ‘సియరె కబీర్’ అనే గ్రంథం రచించారు. అందులో ఒక ఆశ్చర్యకరమైన సమస్యను చర్చించారు. కొందరు ముస్లింలు శత్రుదేశపు సరిహద్దులో తాము ఖలీఫా దూతలమని నకిలీ లేఖ చూపి లోపలికి వెళ్లారనుకుందాం. వారికి అక్కడి ప్రజల ప్రాణానికి, ధనానికి హాని చేసే హక్కు ఉంటుందా? ఉండదని ఆయన తేల్చారు. పత్రం నకిలీదే కావచ్చు. కాని దానిని నమ్మి అవతలివారు అభయమిచ్చారు, వీరు ఆ అభయంతోనే అడుగుపెట్టారు. కనుక ద్రోహం నిషిద్ధం. యుద్ధంలో ఉన్న దేశంతోనే ఇంత కట్టుబాటు ఉంటే, శాంతితో తలుపు తెరిచిన దేశం విషయంలో మన బాధ్యత ఎంతటిదో ఆలోచించండి.

ఈ కట్టుబాటుకు మూలం ప్రవక్త మహనీయుల (సఅసం) ఆచరణలోనే ఉంది. హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి మదీనాకు వస్తుండగా ఖురైషులు పట్టుకున్నారు. తమకు వ్యతిరేకంగా యుద్ధంలో పాల్గొనబోమని మాట తీసుకుని వదిలిపెట్టారు. అది బద్ర్ సమరానికి ముందు సంగతి. ముస్లింల సంఖ్య మూడు వందల పైచిలుకు మాత్రమే. ఒక్కొక్క మనిషీ విలువైన ఘడియ. అయినా ప్రవక్త (సఅసం) ఆ తండ్రీకొడుకులను తమ మాట నిలుపుకొమ్మని ఆదేశించారు. వారు బద్ర్‌లో పాల్గొనలేదు.

హబషా వలస మరో ఉదాహరణ. మక్కాలో హింసకు గురై, తలదాచుకోవడానికి నజాషీ చక్రవర్తి దేశం చేరిన విశ్వాసులను తిప్పి పంపాలని ఖురైషులు దూతలను పంపారు. హజ్రత్ ఈసా (అలై) గురించి వీరేమంటారో అడిగి చూడండని రాజును రెచ్చగొట్టారు. సమాధానం రాజుకు నచ్చకపోతే ఆశ్రయం పోతుంది. వలస వచ్చినవారు తమలో తాము సంప్రదించుకుని, ఏది జరిగినా సరే, ప్రవక్త (సఅసం) బోధించినదే చెప్పాలని నిశ్చయించుకున్నారు. హజ్రత్ జాఫర్ (రజి) దర్బారులో అలాగే చెప్పారు. అంతకంటే కఠినమైన ఇంటర్వ్యూ మనలో ఎవరికి ఎదురవుతుంది?

మా పెద్దమనిషికి ఇదే చెప్పాను. అడగనిది చెప్పనక్కరలేదు, అడిగిన దానికి అబద్ధం చెప్పరాదు. ఇక వడ్డీ సొమ్మును సొంతమని చూపడంలో రెండు పాపాలున్నాయి. ఆయన అంగీకరించారు. కూతురి కాన్పుకే వెళ్తున్నామని రాశారు. ఉన్న పొదుపునే చూపారు. వీసా రాలేదు.

ఆ దేశం పేరు ఇక్కడ అనవసరం. బిడ్డ పుట్టింది, అమ్మమ్మ ఫోను తెరమీదనే మనవరాలి ముఖం చూసింది. కాన్పు తర్వాతి వారాలు కూతురు ఇరుగుపొరుగు స్త్రీల సాయంతో గడిపింది. ఆ తల్లి మా ఇంటికి వచ్చినప్పుడు, “మీరు చెప్పిన మాటే చేశాం, నా బిడ్డ ఒంటరిదైంది” అని కంటతడి పెట్టుకున్నారు. ఆ కన్నీటిని ఆపగల వాదన నా దగ్గర లేదు. సత్యం పలికితే పని జరిగి తీరుతుందని మన ధర్మం ఎక్కడా హామీ ఇవ్వలేదు. పని జరిగినా జరగకపోయినా సత్యమే పలకాలని మాత్రం కోరింది. ఆయన మాత్రం, “మళ్లీ అడిగితే మళ్లీ ఇదే చెబుతాను. కొత్తగా ఏదీ గుర్తుపెట్టుకోనక్కరలేదు” అన్నారు.

ఈ మాటలో లౌకిక వివేకమూ ఉంది. అమెరికానే తీసుకోండి. సందర్శక వీసా కోరే వ్యక్తి అక్కడే ఉండిపోతాడన్న అనుమానంతోనే ఆ దేశపు చట్టంలోని 214(బి) నిబంధన మొదలవుతుంది. కాదని నిరూపించవలసిన భారం దరఖాస్తుదారునిదే. 185 డాలర్ల రుసుము తిరిగి రాదు. కాని ఈ నిబంధన కింద నిరాకరణ శాశ్వతం కాదు, మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ముఖ్యమైన విషయంలో మోసం చేసినట్లు తేలితే మాత్రం, ప్రత్యేక మినహాయింపు లభిస్తే తప్ప, తలుపు జీవితాంతం మూసుకుంటుంది. మరో సంగతి: డీఎస్-160 పత్రాన్ని ఎవరు నింపినా సంతకం దరఖాస్తుదారుడే చేయాలి. అబద్ధం ఏజెంటు రాసినా సాక్ష్యం మనదే.

గల్ఫ్ దారిలో ఈ ప్రశ్న ఇంకా పదునైనది. విజిట్ వీసాపై వెళ్లి పనిలో చేరమనేవారు, ఒక యజమాని పేరిట వెళ్లి మరోచోట పనిచేసే ‘ఆజాద్ వీసా’ అమ్మేవారు మన బస్తీలకు వస్తుంటారు. పదో తరగతి పాసు కానివారు ఉద్యోగానికి 18 దేశాలకు వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. లైసెన్సు గల ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోరాదు. అతని లైసెన్సును ఈ-మైగ్రేట్ పోర్టలులో చూసుకోవచ్చు. అనుమతితో వెళ్లిన కార్మికునికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల బీమా ఉంటుంది. విజిట్ వీసాపై పనికి వెళ్లినవానికి ఒప్పందమూ లేదు, బీమా లేదు; జీతం అడిగినందుకు యజమాని పోలీసులకు పట్టిస్తానంటే ఎదురుచెప్పే ధైర్యమూ ఉండదు. ఒడంబడికను మనమే ముందు ఉల్లంఘిస్తే, అవతలివాడు ఉల్లంఘించినప్పుడు ఏ ముఖంతో అడుగుతాం?

ఇందులో మన మస్జిద్ కమిటీలు చేయగల పని ఒకటుంది. బాచుపల్లి నుంచి హైటెక్ సిటీ దాకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే యువకులు జుమా నమాజుకు వస్తుంటారు. నెలకొక జుమా తర్వాత ఒక గంటసేపు కూర్చుని, పెద్దలకు దరఖాస్తులోని ప్రతి ప్రశ్ననూ తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపించి, వారు చెప్పిందే నింపి ఇస్తే చాలు. దీనికి డబ్బు ఖర్చు లేదు, ఏజెంటు అవసరం తగ్గుతుంది. ఈ సేవ కూడా సదఖాయే.

ప్రయాణానికి ముందు ఇస్తిఖారా నమాజు చేయండి, అప్పులు తీర్చండి, వీలునామా రాసిపెట్టండి. దరఖాస్తులో రాసిన ప్రతి మాటనూ అల్లాహ్ సన్నిధిలో మళ్లీ చదవవలసి వస్తుందని గుర్తుంచుకుని సంతకం చేయండి. బిడ్డలకు దూరంగా ఎదురుచూస్తున్న తల్లిదండ్రులందరికీ అల్లాహ్ ధర్మబద్ధమైన మార్గాన్ని సుగమం చేయుగాక! ఆమీన్.