ఆప్షన్ల మీద చెయ్యి పెట్టి

మేం రాసిన రోజుల్లో ఎంసెట్ మెడిసిన్ పేపర్ 160 ప్రశ్నలు, మూడు గంటలు. బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. బయాలజీ అందరూ చదివేదే, ర్యాంకు తేలేది మిగతా రెండింటి దగ్గరేనని విజయవాడ లాంగ్ టర్మ్ హాస్టళ్లలో ఎవరినడిగినా చెప్పేవాళ్లు. కెమిస్ట్రీలో మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది ఆర్గానిక్. ఒక పదార్థం ఇస్తారు, బాణం మీద రియాజెంట్ రాస్తారు, వచ్చేదాన్ని ఏ అంటారు. ఏ నుంచి బీ, బీ నుంచి సీ. సీ ఏమిటో చెప్పాలి. మొదటి బాణం దగ్గర దారి తప్పితే తర్వాతి రెండూ ఎంత బాగా వచ్చినా లాభం లేదు.

2010 ప్రాంతం. మా గదిలో ప్రతి మంచం పక్కనా గోడకి ఒక చార్టు ఉండేది. ఇథైల్ క్లోరైడ్‌కి ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్ అయితే ఇథిలీన్, జలద్రావణం అయితే ఇథైల్ ఆల్కహాల్. ఆ ఆల్కహాల్‌నే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 140 డిగ్రీల దగ్గర వేడిచేస్తే ఈథర్, 170 దగ్గర మళ్లీ ఇథిలీన్. పళ్లు తోముకుంటూ కూడా వల్లెవేసేవాళ్లం.

దసరా సెలవుల తర్వాత వచ్చిన కెమిస్ట్రీ సారు పద్ధతి వేరు. బిట్ చదవగానే "ఆప్షన్ల మీద చెయ్యి పెట్టండమ్మా" అనేవారు. ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎక్కువున్నాయో, ఎక్కడ తక్కువున్నాయో గుర్తులు వేసుకోవాలి. ఎటు నుంచి ఎటు పోతాయో బాణం గియ్యాలి. జవాబు రాసుకున్నాకే చెయ్యి తియ్యాలి. నాకు చదువు చెప్పినవాళ్లలో ఇంత మేలు చేసినవాళ్లు తక్కువ.

ప్రొపీన్‌కి హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే ఏమొస్తుందని అడిగితే క్లాసంతా మార్కోవ్నికాఫ్ సూత్రం అప్పజెప్పేది. హైడ్రోజన్లు ఎక్కువున్న కార్బన్‌కే ఇంకో హైడ్రోజన్ చేరుతుందని. "చేరుతుంది సరే, ఎందుకు చేరుతుంది?" అనేవారు సారు. ప్రోటాన్ చివరి కార్బన్‌కి అంటుకుంటే ధనావేశం మధ్య కార్బన్ మీద పడుతుంది. అటూ ఇటూ ఉన్న మిథైల్ సమూహాలు ఎలక్ట్రాన్లను అటువైపు నెట్టి దాన్ని నిలబెడతాయి. బ్రోమైడ్ అక్కడికే వచ్చి చేరుతుంది. అదే పెరాక్సైడ్ ఉంటే ముందు వచ్చేది ప్రోటాన్ కాదు, బ్రోమిన్ రాడికల్. అది చివరి కార్బన్‌ని పట్టుకుంటుంది, జవాబు 1-బ్రోమోప్రొపేన్ అవుతుంది. రెండు సందర్భాల్లోనూ మధ్య కార్బన్ మీదే ఎలక్ట్రాన్ల లోటు నిలుస్తుందని, ముందు చేరేది ఎవరన్నదే తేడా అని అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఒకరోజు 3-మిథైల్-1-బ్యూటీన్ ఇచ్చారు. అందరం రెండో కార్బన్ మీద బ్రోమిన్ పెట్టి కూర్చున్నాం. కందుకూరు నుంచి వచ్చిన మా రూమ్మేట్ లేచింది. "సార్, పక్క కార్బన్ మీది హైడ్రోజన్ తన రెండు ఎలక్ట్రాన్లతో ఇటు జరిగితే టెర్షియరీ కార్బోకాటయాన్ వస్తుంది కదా. అది ఇంకా బాగా నిలుస్తుంది కదా?"

సారు చాక్‌పీస్ ఆమె చేతికిచ్చి "రా, నువ్వే గియ్యి" అన్నారు. ఆమె గీసింది. 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్. అప్పుడాయన ఒక మాటన్నారు. "ఫ్లాస్కులో రెండూ ఉంటాయమ్మా. పేపర్లో అడిగేది ప్రధానంగా వచ్చేదాన్ని." ఏ గైడూ మాకు ఆ మాట చెప్పలేదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి నిజం, మూడు అబద్ధం అన్నట్టే ఉండేవి అవన్నీ.

అన్నీ ఇలా తేలవు. రాగి మీద విలీన నైట్రిక్ ఆమ్లం పోస్తే నైట్రిక్ ఆక్సైడ్, గాఢ ఆమ్లమైతే నైట్రోజన్ డయాక్సైడ్. జింక్‌కి అతి విలీన ఆమ్లమైతే అమ్మోనియం నైట్రేట్. అలాంటివి గుర్తుపెట్టుకోవలసిందేనని సారే చెప్పేవారు. చార్టులు ఉండిపోయాయి గానీ చిన్నవయ్యాయి.

మే నెలలో పరీక్ష రాశాం. నాకు గుంటూరులో, ఆమెకి కర్నూలులో సీటు వచ్చింది.

రెండో ఏడాది ఫార్మకాలజీలో ఆస్పిరిన్ వచ్చింది. శాలిసిలిక్ ఆమ్లానికి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపితే దాని ఫినాల్ ఓహెచ్ ఎసిటైల్‌ని అందుకుని ఆస్పిరిన్ అవుతుందని లాంగ్ టర్మ్‌లో ఎన్నిసార్లు గీశామో. ఇప్పుడు ఆస్పిరిన్ అదే ఎసిటైల్‌ని సైక్లోఆక్సిజనేజ్ ఎంజైమ్‌లోని సెరీన్ ఓహెచ్‌కి ఇచ్చేస్తోంది. మేడమ్ చెప్పకముందే నోట్సులో బాణం గీసేశాను. సాయంత్రం ఆమెకి ఫోన్ చేశాను.

"మాకూ మొన్నే అయిందే," అంది. "కానీ ఒక డౌటు. ప్లేట్‌లెట్ ఆ పాడైనదాని బదులు ఇంకో కొత్త ఎంజైమ్ చేసుకోవచ్చు కదా?"

"న్యూక్లియస్ ఎక్కడిదే దానికి?"

కాసేపు ఆలోచించి, "అయితే ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ అంతేనన్నమాట," అంది. అంటే వారం పది రోజులు. గుండెజబ్బు ఉన్నవాళ్లకి రోజుకొక్క 75 మిల్లీగ్రాముల మాత్ర ఎలా సరిపోతుందో ఆ ఫోన్లోనే తేల్చుకున్నాం.