రాజుగారి పేరు పెట్టుకున్న కాలేజీ

మహూజ్, బుధవారం

నాన్నగారూ,

పారిస్ నుంచి తిరుగు ప్రయాణంలో బహ్రెయిన్‌లో తమ్ముడింట్లో దిగాను. కింద, ఇక్కడ కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్లో పెరుగుతో పాటు కాగితాలూ దొరికాయి, రాస్తున్నాను.

మీరు చూసి రమ్మన్న జెస్యూట్ ఫాదర్ల కాలేజీ సోర్బాన్ పక్కనే, సాంజాక్ వీధిలో ఉంది. ఇప్పుడది సర్కారు బడి, పేరు లూయీ లె గ్రాన్. వీధిలో నిలబడే చూశాను. 1563లో మొదలైనప్పుడు క్లెర్మోన్ కాలేజీ అనేవారు. ఆస్తి రాసిచ్చినాయన క్లెర్మోన్ ఊరి బిషప్పు. ఫాదర్లు పైసా తీసుకోకుండా పాఠాలు చెబుతుంటే యూనివర్సిటీ వాళ్లకు ఒళ్లు మండిపోయేదట. 1594లో అక్కడ చదివిన షాతెల్ అనే కుర్రాడు రాజు నాలుగో హెన్రీ మీద కత్తి దూశాడు. ఆ వంకతో ఫాదర్లను వెళ్లగొట్టారు. 1603లో మళ్లీ పిలిచినవాడూ ఆ హెన్రీయే! లా ఫ్లెష్ అనే ఊళ్లో తన భవనమే ఇచ్చి కాలేజీ పెట్టించాడు. తత్వవేత్త దెకార్త్ చదివింది అక్కడే. పారిస్‌లో మాత్రం 1618 దాకా పాఠాలు సాగనివ్వలేదు.

1682లో పద్నాలుగో లూయీ ఈ కాలేజీని తన పోషణలోకి తీసుకున్నాడు. గుమ్మం మీద యేసు పేరు పోయి రాజు పేరు వచ్చింది. దాన్ని ఎద్దేవా చేస్తూ ఓ విద్యార్థి లాటిన్ పద్యం కట్టి బాస్తీయ్ జైలు పాలయ్యాడని చెప్పుకుంటారు. నేను ఆ కుర్రాడి పక్షం. ఇంతా చేస్తే, ఆ పేరు ఫాదర్లను కాపాడిందా? 1762లో కాలేజీ వాళ్ల చేయి జారిపోయింది. 1764లో ఫ్రాన్సులో ఈ ఫాదర్ల యేసు సభనే రద్దు చేసిన పదిహేనో లూయీ ఎవరనుకున్నారు, ఆ పద్నాలుగో లూయీ మునిమనవడే.

మహూజ్, శుక్రవారం

నాన్నగారూ,

మనవైపు సంగతి ఈ ఉత్తరంలో. ఆ కాలేజీలో లెక్కలు చెప్పిన ఫోంతనే నాయకత్వంలో 1685లో పద్నాలుగో లూయీ ఆరుగురు ఫాదర్లను తూర్పుకు పంపాడు. వాళ్లలో తషార్ తర్వాత పుదుచ్చేరి చేరాడు. పుదుచ్చేరిలోని జెస్యూట్ ఫాదర్లే పుంగనూరు, కృష్ణాపురం దాకా వచ్చి తెలుగు నేర్చారు. కాల్మెట్ అనే ఆయన ఋగ్వేదం ప్రతి సంపాదించి పారిస్ రాజుగారి గ్రంథాలయానికి పంపాడు. కేర్దూ అయితే సంస్కృతానికి, గ్రీకు లాటిన్లకు చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాశాడు. వాళ్లు అచ్చు వేసింది 1808లో! ఈలోగా 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అదే మాట చెప్పి పేరంతా కొట్టేశాడు.

ఇవాళ తమ్ముడు మనామాలో సేక్రెడ్ హార్ట్ చర్చికి తీసుకెళ్లాడు. ఇక్కడ శుక్రవారం కూడా పూజ ఉంటుంది. మలయాళం, కొంకణి, టగలాగ్ చెవిన పడుతూనే ఉన్నాయి. స్థలం ఇచ్చింది ఆనాటి పాలకుడు షేక్ హమద్, చర్చి కట్టింది 1939లో. అవాలీలో 2021లో తెరిచిన పెద్ద చర్చికీ ఇప్పటి రాజుగారే స్థలం ఇచ్చారు. రెండింటికీ ఏ రాజు పేరూ పెట్టలేదు. ఈ విషయంలో లూయీ కన్నా వీళ్లే నయం. 2022 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ ఈ మనామా చర్చికి వచ్చారు. యేసు సభ నుంచి పోప్ అయిన మొదటివారు ఆయనే.

1954లో బెజవాడలో తలుపులు తెరిచిన మీ ఆంధ్ర లయోలా కాలేజీలో జెస్యూట్ ఫాదర్లు ఎప్పుడైనా కేర్దూ పేరెత్తారా? వచ్చాక చెబుదురుగాని. అమ్మకు ఖర్జూరాలు కొన్నాను, మీరు షుగర్ పేరు చెప్పి తప్పించుకోవాలి.

మీ అమ్మాయి