రైలు రాని ఊళ్ల బస్సు

తెలంగాణ ఆర్టీసీకి దక్షిణపు అంచున ఉన్నవి నల్లగొండ, మహబూబ్‌నగర్ రీజియన్లు. కృష్ణా తుంగభద్రలు దాటితే ఆంధ్ర, పడమటికి పోతే కర్ణాటక. ఈ నేలలో నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట, కోదాడ, యాదగిరిగుట్ట డిపోలు ఒక రీజియన్ కిందికి వస్తాయి. మహబూబ్‌నగర్, షాద్‌నగర్, కల్వకుర్తి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, కోస్గి డిపోలది ఇంకో రీజియన్. 2016 దసరాకు పాత జిల్లాలు విడిపోయి కొత్తవి ఏర్పడ్డాయి గానీ, ఆర్టీసీ లెక్కల్లో పాత జిల్లాల రూపమే చాలావరకు నిలిచింది. ‘ఉమ్మడి పాలమూరు’ (పాత మహబూబ్‌నగర్ జిల్లా), ‘ఉమ్మడి నల్లగొండ’ అని జనం ఇప్పటికీ చెప్పుకునే ప్రాంతాలు డిపో గోడల మీద అలాగే ఉన్నాయి.

ఈ నేలకు బస్సు ఇంత అవసరమెందుకైందో రైల్వే పటం చూస్తే తెలుస్తుంది. సూర్యాపేట, దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ పట్టణాలకు రైలు లేదు. వనపర్తికి ‘వనపర్తి రోడ్’ అని స్టేషన్ ఉంది కానీ అది ఊరికి దూరంగా మదనాపురం దగ్గర ఉంది. ‘నారాయణపేట రోడ్’ అని పిలుస్తూ వచ్చిన స్టేషన్ మరీ దూరం, వాడి–రాయచూరు లైను మీద. స్టేషన్ పేరు పక్కన ‘రోడ్’ అనే మాట కనిపిస్తే, అక్కడ దిగినవాళ్లు ఊరు చేరడానికి ఇంకో బండి ఎక్కాలని అర్థం. ఆ ఇంకో బండి ఎక్కువమందికి ఆర్టీసీ బస్సే.

ఆ బస్సు పుట్టిందీ రైల్వే ఇంట్లోనే. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. బస్సులు ప్రైవేటు మనుషుల చేతుల్లోనే నడిచే ఆ రోజుల్లో ఒక ప్రభుత్వం ఈ పని తన మీద వేసుకోవడం దేశంలో చాలా అరుదు. 1951 నవంబరు 1న ఆ శాఖ హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక 2016 ఏప్రిల్ 27న తెలంగాణ సంస్థ విడిగా నిలబడింది. బస్సుల నంబరు ప్లేటు మీది ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరులో మొదటిదని చెప్పుకుంటారు. సంస్థ పేరు ఎన్నిసార్లు మారినా ఆ అక్షరం మాత్రం పోలేదు.

రెండు జిల్లాల పాతతరానికి హైదరాబాద్ పట్నం తొలిచూపు గౌలిగూడ బస్టాండు. గోపురంలా వంగిన ఆ పెద్ద ఇనుప షెడ్డు 2018 జూలైలో కూలిపోయింది. అంతకు చాలాముందే, 1994లోనే, దూరపు బస్సులు మూసీ ఒడ్డున ఇమ్లీబన్‌కు, అంటే మహాత్మాగాంధీ బస్టేషన్‌కు మారాయి.

సూపర్ లగ్జరీలు, గరుడలు విజయవాడ, బెంగళూరు రహదారులను పట్టుకుని పోతాయి. వాటి సంగతి తేలిగ్గా చెప్పేయవచ్చు: మంచి రోడ్డు, నిండా టికెట్లు. సంస్థ అసలు పని తెలియాలంటే పల్లెవెలుగు ఎక్కాలి. తెల్లవారుజామున డిపోలో బండి తీస్తారు. కండక్టరు టికెట్ మిషన్, చిల్లర సంచి తీసుకుంటాడు. ఇక మధ్యాహ్నం దాకా అదే దారిలో నాలుగైదు ట్రిప్పులు. స్టేజీ దాటేలోపు అందరికీ టికెట్లు కొట్టాలి. చిల్లర లేకపోతే టికెట్ వెనక బాకీ రాసిస్తాడు, దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని అడగాల్సింది ప్రయాణికుడే. ఆ బస్సులో పాసు పిల్లలుంటారు, అంగడికి పోయే కోళ్లగంపలుంటాయి, పెద్దాసుపత్రికి పోయే ముసలివాళ్లుంటారు. పట్నంలో చదివే కొడుక్కి తల్లి పంపిన సద్ది డబ్బా డ్రైవర్ సీటు పక్కన ఉంటుంది. ఆర్టీసీ పార్సిల్ సేవ 2020లో పెద్దఎత్తున మొదలైంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆ డబ్బాలు నమ్మకం మీద ప్రయాణం చేశాయి.

అన్నిటికన్నా విలువైనది నైట్ హాల్ట్ బస్సు. చివరి ట్రిప్పుగా రాత్రి ఊరు చేరి, అక్కడే నిలిచి, తెల్లారి తొలి ట్రిప్పుగా బయల్దేరే బండి అది. డ్రైవర్, కండక్టర్ల పడక పంచాయతీ ఆఫీసులోనో, గుడి అరుగు మీదో. ఊరివాళ్లు మంచినీళ్లిస్తారు, పిలిచి అన్నం పెట్టే ఇళ్లూ ఉన్నాయి. హాల్ట్ బస్సు ఉన్న ఊరి నుంచి ఆడపిల్ల కాలేజీకి పోయి చీకటి పడ్డా ఇల్లు చేరగలదు. కూరగాయల రైతు పొద్దు పొడవకముందే మార్కెట్లో ఉండగలడు. సెవెన్ సీటర్ ఆటోలు, బైకులు పెరిగాక హాల్టులు తగ్గుతూ వచ్చాయి. మనుషులు నిండితే గానీ ఆటో కదలదు. బస్సు మాత్రం ఇద్దరే ఉన్నా వేళకు బయల్దేరుతుంది. ఈ తేడా ఆదాయపు లెక్కల్లో కనబడదు, బస్సు ఆగిపోయిన మర్నాడు ఊరికి తెలుస్తుంది.

పాలమూరులో ఇంకో బస్సు ఉండేది: బొంబాయి బస్సు. వానాకాలం పంట ముగిశాక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కుటుంబాలకు కుటుంబాలే బయల్దేరేవి. బియ్యం మూట, వంటగిన్నెలు, బొంత, చంకలో పిల్ల. ముసలివాళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయేవారు. ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, ఎక్కడ కాలువ తవ్వుతున్నా ‘పాలమూరు లేబర్’ అక్కడ ఉండేది. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 2003లో ‘ది హిందూ’లో ఈ బస్సు గురించి రాశారు. పదేళ్ల కిందట మహబూబ్‌నగర్ నుంచి ముంబైకి వారానికి ఒక్క బస్సు నడిచేదని, అప్పటికి అవి వారానికి ముప్పై దాటాయని లెక్క చూపారు. సాధారణంగా బస్సులు పెరిగాయంటే అభివృద్ధి అనుకుంటారు. ఇక్కడ పెరిగిన ప్రతి సర్వీసూ ఎండిన చెరువుకు, నీళ్లు రాని బోరుకు కొలత. కరువు ఎంత ముదిరిందో తెలుసుకోవాలంటే వర్షపాతం పట్టికతో పాటు బస్సుల టైంటేబుల్ కూడా చదవాలని ఆ వ్యాసం నేర్పింది.

నల్లమల దారి తీరు వేరు. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి పోతుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా అక్కడ వాహనాలను పోనివ్వరు. అందుకే శ్రీశైలం సర్వీసుల వేళలన్నీ అడవి గేటు చూసుకునే పెడతారు. చైత్ర పున్నమికి సలేశ్వరం, కార్తీకంలో కురుమూర్తి, రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర పెద్దగట్టు: జాతర వచ్చిందంటే డిపోలు ప్రత్యేక బస్సులు వేస్తాయి. ఆ కొద్దిరోజులూ రోజువారీ ట్రిప్పుల్లో కొన్ని తగ్గినా పల్లెవాళ్లు పెద్దగా అడగరు, వాళ్లలో సగం మంది జాతరలోనే ఉంటారు కాబట్టి.

డిపో మేనేజరు బల్ల మీద మాత్రం మూడు మాటలు తిరుగుతుంటాయి: ఓఆర్, ఈపీకే, కేఎంపీఎల్. అంటే ఎన్ని సీట్లు నిండాయి, కిలోమీటరుకు ఎంత వచ్చింది, లీటరు డీజిలుకు ఎంత దూరం నడిచింది. ఈ లెక్కలో పల్లెవెలుగు ఎప్పుడూ వెనకే. గతుకుల దారి, స్టేజీకో ఆగుడు, తక్కువ చార్జీ. రహదారి బస్సు సంపాదన పల్లె బస్సు నష్టాన్ని కొంత పూడుస్తుంది, ప్రభుత్వ సంస్థ కావడంలోని అర్థమే అది. ఈ ఏర్పాటు ఎంత బరువైందో 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు నడిచిన సమ్మె చూపింది. ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది కార్మికుల ముఖ్యమైన కోరిక. బడి పిల్లలు, కూలీలు ఆ రోజులన్నీ ఆటోల వెంట పడ్డారు.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు చార్జీ లేదు. అయినా కండక్టరు జీరో టికెట్ కొట్టాల్సిందే, ప్రభుత్వం సంస్థకు సొమ్ము చెల్లించేది ఆ టికెట్ల లెక్క మీదే. చంటిపిల్లకు జ్వరమొస్తే డబ్బుల కోసం ఇంట్లో ఎవరినీ అడక్కుండా ఆస్పత్రికి పోవడం, చీరల మూట తీసుకుని పక్క మండలం అంగడికి వెళ్లడం, ఏడాదికోసారి చూసే అమ్మను నెలకోసారి చూడటం ఈ టికెట్ వల్ల సాధ్యమయ్యాయి. బస్సులు మాత్రం కిక్కిరిశాయి. సీట్లు దొరకని మగవాళ్లు, పాసు కొన్న విద్యార్థులు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు. పథకం మంచిదైనంత మాత్రాన ఈ ఇబ్బంది చిన్నదైపోదు, దీనికి మందు అదనపు బస్సులే.

ఆ బస్సుల్లో కొన్నిటికి ఇప్పుడు ఆడవాళ్లే యజమానులు. 2025 మార్చి 8న మండల మహిళా సమాఖ్యలు కొన్న బస్సులను ఆర్టీసీ అద్దెకు తీసుకుని నడపడం మొదలుపెట్టింది. అదే ఏడాది, పాత నల్లగొండ జిల్లా సంస్థాన్ నారాయణపురం వైపు తండాలో పుట్టిన సరిత హైదరాబాద్–మిర్యాలగూడ బస్సు స్టీరింగు పట్టారు. తెలంగాణ ఆర్టీసీలో తొలి మహిళా డ్రైవర్ ఆమె. పదేళ్ల ముందు, 2015లో, ఢిల్లీ రవాణా సంస్థకూ తొలి మహిళా డ్రైవర్ ఆమే.