కుక్కపిల్లకు పని నేర్పడం – నా అనుభవం



ఈ నెల గోడ పత్రికకు అందరూ ఏదో ఒకటి రాయాలని తెలుగు సారు చెప్పారు. నాకు కవితలు రావు. నాకు బాగా తెలిసింది కుక్కపిల్లల్ని పెంచడం. అందుకే అదే రాస్తున్నాను. చివర్లో ఒక వేరే విషయం కూడా ఉంది. దయచేసి చివరి వరకూ చదవండి.

మాది పాడేరు ఘాట్ పైన గెడ్డ పక్కన ఊరు. కొండ మీద చోళ్ళు, కందులు, రాజ్‌మా వేస్తాం. గెడ్డ పక్కన పల్లంలో కొంచెం వరి ఉంది. ఆ వరికి పెద్ద శత్రువు పందికొక్కు. అది గట్టులో బొరియ తవ్వి, వెన్నులు కొరికి లోపలికి లాక్కుపోయి దాచుకుంటుంది. బొరియకి నాలుగైదు నోళ్ళు పెడుతుంది. లోపలున్నప్పుడు నోరు మెత్తని మట్టితో మూసేసుకుంటుంది. గట్టు మీద కొత్త మట్టి కుప్ప కనబడిందంటే లోపల ఉన్నట్టే. పెద్దదైతే కేజీ దాకా తూగుతుంది. మందు పెడితే చస్తుంది గానీ, ఆ చచ్చినదాన్ని తిన్న కుక్క కూడా చావొచ్చు, కోళ్ళకీ ప్రమాదమే. అందుకని మా తాత మందు పెట్టడు. కుక్కతోనే పట్టిస్తాడు. ఆ కుక్క పేరు కర్రి. నల్లగా ఉంటుంది. చెవి ఒకటి చిరిగిపోయింది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక కుక్కపిల్లని తెచ్చుకున్నాను. దానికి జాకీ అని పేరు పెట్టాను. మంచి హుషారు. కోడి ఈక కనబడినా దూకేది. దసరా సెలవులకి వెళ్ళేసరికి దానికి నాలుగు నెలలు. నాకు తొందర. కర్రి కంటే పెద్ద వేటకుక్క అవ్వాలని నా ఆశ. ఒకరోజు తాత సంతకి వెళ్ళినప్పుడు నేనూ, ఇద్దరు స్నేహితులూ గట్టు దగ్గరకి తీసుకెళ్ళాం. ఒక బొరియకి మిగతా నోళ్ళు రాళ్ళతో మూసి, ఒక నోటి దగ్గర జాకీని పెట్టి, "పట్టు, పట్టు" అని అరిచాం. అది వెనక్కి వస్తుంటే నేనే మెడ పట్టుకుని తలని బొరియలోకి నొక్కాను.

లోపల పందికొక్కు దాని ముక్కు పట్టేసింది. వదల్లేదు. జాకీ అరిచిన అరుపు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. ఊడబెరుక్కుని ఇంటికి పరిగెత్తి నులకమంచం కింద దూరింది. రెండు రోజులు బయటకు రాలేదు.

తాత వచ్చి చూసి, "ఏటి సేసినావురా! దానికింకా పాల పళ్ళేరా!" అన్నాడు. కొట్టలేదు. సబ్బు నీళ్ళతో దాని ముక్కు కడిగాడు. గాయం పది రోజుల్లో మానిపోయింది. బెరుకు మాత్రం మానలేదు. ఇప్పుడు జాకీకి రెండేళ్ళు దాటాయి. మంచి బలంగా ఉంటుంది. కానీ గట్టు మీదకి రాదు. గునపం చప్పుడు వింటే మంచం కిందకి పోతుంది. ఊళ్ళో వాళ్ళు పిరికిదంటారు. అది పిరికిది కాదు. నేను చేశాను అలాగ.

ఆ కార్తీకంలో మా చిన్నాన్న ఇంట్లో కుక్క ఈనింది. ఐదు పిల్లలు. తాత ఈసారి నువ్వు మాట్లాడకు, చూడు అన్నాడు. నేను చూసి నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను.

పుట్టినప్పుడు పిల్లలకి కళ్ళు కనబడవు. పది పదిహేను రోజులకి తెరుస్తాయి. రెండు నెలలు నిండేవరకూ తల్లి నుంచి విడదీయకూడదు. కరుచుకోవడం ఎంతవరకో, ఎక్కడ ఆపాలో తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గరే నేర్చుకుంటాయి. ముందుగా తెచ్చేసిన పిల్లకి అది తెలీదు.

సంక్రాంతి సెలవుల్లో పిల్లని ఏరుకోవడానికి వెళ్ళాం. నేను అన్నిటికంటే పెద్దదాన్ని చూపించాను. తాత ఏమీ అనకుండా చేతిలో ఉన్న సత్తు గిన్నె నేలకేసి వదిలాడు. ఐదూ పారిపోయాయి. రెండు మళ్ళీ కనబడలేదు. రెండు దూరంగా నిలబడ్డాయి. ఒకటి మాత్రం కాసేపటికి మెల్లగా వచ్చి గిన్నెని వాసన చూసింది. నుదుటి మీద తెల్ల చుక్క. "ఇదే" అన్నాడు తాత. "భయం అన్నిటికీ ఉంటాది. భయపడి మళ్ళీ వచ్చి చూసేదే పనికొస్తాది" అన్నాడు. దానికి చుక్క అని పేరు పెట్టాం.

మొదటి పాఠం పిలిస్తే రావడం. చోడి ముద్ద చిన్న ఉండలు చేసి, "చుక్కా, రా" అని పిలిచి ఒకటి పెట్టాలి. ఆలస్యంగా వచ్చినా తిట్టకూడదు. వచ్చాక కొడితే, వచ్చినందుకు కొట్టారనుకుంటుంది. ఇంకెప్పుడూ రాదు.

రెండో పాఠం కోళ్ళు. కోళ్ళ మధ్య తాడుతో కట్టి కూర్చోబెట్టాలి. కోడి మీదకి దూకితే "ఊఁ" అని గట్టిగా అంటే చాలు. కోడిని పట్టే కుక్కకి ఊళ్ళో విలువ లేదు. మేకపిల్లలతో కూడా అంతే.

మూడో నెల నిండాక సంత రోజున పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి రేబిస్ టీకా వేయించాం. నట్టల మందు అంతకు ముందే పట్టించాం. ఇది అందరూ చెయ్యాలి. రేబిస్ వస్తే ఇంక బ్రతకడం ఉండదు, కుక్కైనా మనిషైనా. లూయీ పాశ్చర్ 1885లో మొదటిసారి ఒక అబ్బాయికి ఈ టీకా వేసి కాపాడాడు. ఇప్పటికీ మన ఊళ్ళల్లో కుక్క కరిస్తే పసరు కట్టేవాళ్ళున్నారు. వెంటనే సబ్బుతో పావుగంట సేపు పారే నీళ్ళలో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

వేసవి సెలవులకి చుక్కకి ఆరు నెలలు. నాకు మళ్ళీ చేతులు దురద పెట్టాయి. తాత దాని నోరు తెరిచి చూపించాడు. పాల పళ్ళు పోయి కొత్తవి వస్తున్నాయి. చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ రోజుల్లో ఏదైనా గట్టిగా పట్టిస్తే నొప్పికి భయపడి పట్టడమే మానేస్తుంది. జాకీని నేను పంపింది కూడా ఆ ఈడు మొదలవుతున్నప్పుడే అని అప్పుడు అర్థమయ్యింది. అందుకని వేసవంతా ఆటలే. పందికొక్కు గూట్లో దొరికిన గోనె పీలికని తాడు కట్టి గడ్డిలో లాగేవాణ్ణి. చుక్క వాసన పట్టుకుని వచ్చేది. దొరికితే చోడి ఉండ. అలసిపోకముందే ఆట ఆపేయాలి. అప్పుడు మర్నాడు తనే వచ్చి అడుగుతుంది.

ఆ తర్వాత దసరాకి పదకొండు నెలలు. అప్పుడు గట్టు మీదకి తీసుకెళ్ళాం, కానీ తాడుతో కట్టే ఉంచాం. పని కర్రిది. చుక్క కూర్చుని చూడటమే. కర్రి ప్రతి నోటి దగ్గరా ముక్కు పెట్టేది. ఖాళీ బొరియ అయితే వదిలేసి వెళ్ళిపోయేది. లోపల ఉంటే తోక బిగిసేది. ఒక బొరియ దగ్గర మాత్రం ముక్కు పెట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసి మొరిగింది. తాత మమ్మల్ని దూరం జరిపాడు. కాసేపటికి నాగుపాము తల బయటపెట్టింది. ఎలుక బొరియల్లో పాములుంటాయి. చెయ్యి పెట్టకూడదు. ఇది చుక్క కూడా చూసింది. కర్రి దగ్గర కూర్చోకపోతే ఇది నేను నేర్పగలిగే పాఠం కాదు.

హాస్టల్‌కి వచ్చాక ఇదంతా మా సాంఘిక శాస్త్రం సారుకి చెప్పాను. ఆయన ఇంగ్లండులో టెర్రియర్ అనే చిన్న కుక్కలు ఉన్నాయని చెప్పారు. లాటిన్ భాషలో టెర్రా అంటే నేల. నేలలోకి దూరే కుక్క కాబట్టి టెర్రియర్. నక్క బొరియలోకి దూరాలి కాబట్టి రెండు చేతుల మధ్య ఛాతీ పట్టేంత సన్నగా ఉండేలా చూసుకుంటారట. జాన్ రస్సెల్ అనే మతగురువు (1795–1883) చదువుకునే రోజుల్లో 1819లో ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కని కొన్నాడట. జాక్ రస్సెల్ అనే జాతికి ఆయన పేరే వచ్చింది. అక్కడ కుక్కలతో నక్కల్ని వేటాడటం 2004 చట్టంతో ఆపేశారు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం. అందుకే మేము చుక్కని అడవిపంది మీదకి గానీ, దుప్పి మీదకి గానీ పంపం. నాకు ఆశ్చర్యమేసిన సంగతి ఒకటుంది. అక్కడ కూడా తెలిసినవాళ్ళు ఏడాది నిండని పిల్లని బొరియలోకి పంపరట. ముందు ఎలుకలతో మొదలుపెడతారట. ఇంగ్లీషు రాని మా తాత చెప్పిందీ అదే.

సంక్రాంతికి చుక్కకి పద్నాలుగు నెలలు. మొదటి రోజు గడ్డివాము కింద చిట్టెలుక. పట్టింది. తాత "చాలు, ఇవాళ్టికి ఇంటికి" అన్నాడు. నాలుగో రోజు పొలం ఎలుక. పండగ వెళ్ళాక పందికొక్కు. ఒక నోటి దగ్గర తాత గునపంతో తవ్వాడు. రెండో నోటి దగ్గర కర్రి, దాని పక్కనే చుక్క. తాడు లేదు. ఎవరూ "పట్టు" అనలేదు. తాత నా నోరు మూసుకోమన్నాడు. పందికొక్కు బయటకు దూకింది. కర్రి కదల్లేదు. చూసి చూడనట్టు ఉండిపోయింది. చుక్కే వెళ్ళింది. ఒకసారి వదిలేసింది. చెవి దగ్గర కరిపించుకుంది. కుయ్యిమంది. నా గుండె ఆగింది, జాకీ గుర్తొచ్చి. కానీ చుక్క మళ్ళీ వెళ్ళి మెడ దగ్గర పట్టి రెండు విదుపులు విదిపింది. అయిపోయింది. బొరియలోంచి మూడు దోసిళ్ళ వడ్లు వచ్చాయి. చెవి సబ్బుతో కడిగాం. చుక్కకి దెబ్బ గురించే ధ్యాస లేదు. ఇంకో బొరియ వైపు చూస్తోంది.

ఇప్పుడు చెప్పాల్సిన వేరే విషయం.

ఈ జూన్‌లో మూడో తరగతిలో చేరిన ఒక చిన్న తమ్ముడు రెండో వారంలో హాస్టల్ నుంచి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఘాట్ రోడ్డు మీద ఒంటరిగా నడుస్తూ దొరికాడు. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోయారు. మర్నాడు ప్రార్థనలో వార్డెన్ గారు "వాణ్ణి ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

అతన్ని భయపెట్టింది నేను. రాత్రి భోజనాలయ్యాక బకెట్ ఇచ్చి కుళాయి దగ్గరకి ఒక్కణ్ణే పంపాను. చింతచెట్టు వెనక దాక్కుని దెయ్యంలాగా అరిచాను. మేము మూడో తరగతిలో ఉన్నప్పుడు మాకూ పెద్దవాళ్ళు అలాగే చేశారు. అందరికీ చేస్తారు కదా అనుకున్నాను. అతను బకెట్ వదిలేసి చీకట్లో గోడకి అంటుకుపోయాడు. ఏడవలేదు. అరవలేదు. మేము నవ్వాం.

పది రోజుల తర్వాత వాళ్ళ నాన్న మళ్ళీ తీసుకొచ్చి దింపారు. కానీ సాయంత్రమైతే గది దాటేవాడు కాదు. నీళ్ళు తాగడానికి కూడా. ఒకరోజు భోజనాల గంట కొడితే అందరూ వెళ్ళాక మంచం దగ్గరే ఉండిపోయాడు. ఆ మంచం, ఆ మూల చూస్తే నాకు జాకీయే కనిపించింది.

అప్పటి నుంచి అతని ట్రంకు పెట్టె నా పెట్టె పక్కన పెట్టించాను. మొదటి వారం వెలుగు ఉండగానే కుళాయికి ఇద్దరం వెళ్ళేవాళ్ళం. తర్వాత కొంచెం చీకటి పడ్డాక. తర్వాత నేను మెట్ల దగ్గర నిలబడి, అతన్ని టార్చి ఇచ్చి పంపేవాణ్ణి. వద్దంటే ఆ రోజు ఆపేసేవాణ్ణి. రమ్మని లాగలేదు.

దసరా సెలవుల్లో ఇదంతా తాతకి చెప్పాను, మెచ్చుకుంటాడని. తాత చుట్ట ఆర్పి, "ఆ అరిసింది నువ్వేనని ఆ పిల్లడికి సెప్పినావా?" అని అడిగాడు. లేదన్నాను. ఇంక తాత మాట్లాడలేదు. జాకీ మంచం కింద పడుకుని ఉంది.

తిరిగి వచ్చిన రోజే చెప్పాను. "తమ్ముడూ, ఆ రోజు చింతచెట్టు వెనక ఉన్నది నేనే" అన్నాను. చాలాసేపు నన్నే చూశాడు. కొడతాడేమో అనుకున్నాను. "అయితే అక్కడ దెయ్యం లేదా అన్నా?" అన్నాడు.

లేదన్నాను. మొన్న బుధవారం టార్చి లేకుండా వెళ్ళొచ్చాడు. నిన్న మళ్ళీ టార్చి అడిగాడు. ఇచ్చాను.

వార్డెన్ గారూ, మీరు జూన్‌లో అడిగిన ప్రశ్నకి ఇది నా జవాబు. ఏ శిక్ష వేసినా చేస్తాను. మిత్రులారా, వచ్చే జూన్‌లో మళ్ళీ చిన్నపిల్లలు వస్తారు. ఒక్కొక్క పెద్దవాడూ ఒక్కొక్క పెట్టెని తన పెట్టె పక్కన పెట్టుకుంటే బాగుంటుందని నా మనవి. ఆ చింతచెట్టు వెనకకి ఎవరూ వెళ్ళొద్దు.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి,
కిటికీ పక్క మంచం