గేటు ముందు కారు

మీలో ఎవరైనా పాత కారు అమ్మారా? మా మారుతిని ఆన్‌లైన్లో బేరం పెడితే ఒకాయన 5,000 అడ్వాన్సిచ్చి, ఆదివారం తీసుకెళ్తానన్నాడు. రాలేదు. ఫోన్ చేస్తే "ఆషాఢం కదండీ" అన్నాడు. శ్రావణం వచ్చాక ఊళ్లో లేనన్నాడు! కారేమో నేను ముగ్గేసే చోటే కదలకుండా ఉంది. బ్యాటరీ దిగిపోయింది, మరో రెండు బేరాలు పోయాయి. మావారికేమో మొహమాటం.

చివరికి నేనే "శుక్రవారంలోగా రాకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాం" అని మెసేజి పెట్టాను. గురువారం పొద్దున్నే పరుగెత్తుకొచ్చాడు. పైగా "తాళాలివ్వండి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటాడా! 29, 30 ఫారాల మీద సంతకాలయి, ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చాకే తాళాలిచ్చాను. ఆర్.సి.లో పేరు మారకపోతే, అమ్మేసిన బండి ఎవరిని గుద్దినా బాధ్యత పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరైతే అడ్వాన్సు పుచ్చుకున్నప్పుడే గడువు తేదీ రాయించుకోండి.

మర్నాడు శ్రావణ శుక్రవారం. గేటు ముందు తనివితీరా ముగ్గేశాను.