దమ్ము

పాత పాలమూరు జిల్లాలోని మా కొల్లాపూర్‌లో ఉబ్బసమన్న మాట పుస్తకాలది. జనం నోట అది దమ్ము. "దమ్మొస్తున్నది బిడ్డా" అంటూ అమ్మ ఒక నడిరాత్రి మంచంమీద లేచి కూర్చున్నప్పుడు ఆమెకు యాభై రెండేళ్లు. చిన్నతనంలో లేదు, మా ఇంట ఎవరికీ లేదు. ముట్లుడిగాక ఒళ్లు వచ్చింది, ఒళ్లు వెంట దమ్ము వచ్చింది.

పట్నంలో ఒక డాక్టరు ఆమెను త్రాసు మీద నిలబెట్టి, అంకె చూసి, "తిండి తగ్గించమ్మా, అన్నీ పోతాయి" అన్నాడు. పంపు కూడా రాసిచ్చాడు గాని, అమ్మ చెవిలో మిగిలింది మొదటి మాటే. రోగానికి కారణం తన కంచమని నమ్మింది. రాత్రి అన్నం మానింది. శిక్ష అనుభవించవలసిన మనిషికి మందెందుకన్నట్టు పంపునూ మానింది. మూడో వారంలో ఒక తెల్లవారుజామున ఆమె పెదవులు నల్లబడడం చూశాను. ఆసుపత్రి నుంచి తిరిగివచ్చాకనే నేను ఈ సంగతులు చదవడం మొదలుపెట్టాను. ముందే చదివి ఉండవలసింది.

ఒంట్లోని కొవ్వు మూటలాగా ఊరికే పడి ఉండదు. పొట్ట పెరిగితే అది డయాఫ్రం అనే కండరపు పొరను పైకి నెట్టి, ఊపిరితిత్తులను నిండుగా విచ్చుకోనీయదు. సన్నని శ్వాసనాళాలు తొందరగా మూసుకుపోతాయి. ఇది సులభంగానే బోధపడుతుంది. రెండవది అంత సులభం కాదు. అతిగా ఉబ్బిన కొవ్వుకణాలు లెప్టిన్ వంటి పదార్థాలను రక్తంలోకి వదులుతూ వాపును రగిలిస్తాయి. ఆ రగులులో ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు పెచ్చుమీరి, వాటిని అణచవలసిన రక్షణలు చాలక, కణాలు దెబ్బతింటాయి. దీనినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. కోసిన వంకాయ ముక్కను ఉప్పునీళ్లలో వేయకుంటే ఏమవుతుందో అమ్మకు తెలుసు కనుక అట్లాగే చెప్పాను. "అంటే నా లోపల వంకాయ నల్లబడ్డదా" అంది.

ఇంకా లోతుకు వెళితే నైట్రిక్ ఆక్సైడు కథ ఉంది. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒక ఎంజైము ఈ వాయువును తయారుచేస్తుంది. శ్వాసనాళాలు సడలడానికి అది తోడ్పడుతుంది. ఆర్జినైన్ వేషం వేసుకున్న ఏడీఎంఏ అనే మరొక అణువు పెరిగితే ఆ ఎంజైము దారితప్పి, మేలుచేసే వాయువుకు బదులు సూపరాక్సైడును పుట్టిస్తుంది. పెద్దవయసులో ఉబ్బసం మొదలైన స్థూలకాయులలో ఈ తూకం చెడి ఉన్నదని 2013లో ఫెర్నాండో హోల్గిన్ బృందం చూపింది. అమ్మ లాంటివారి కథే. అదే బృందం ఆర్జినైన్‌గా మారగల సిట్రులిన్‌ను కొద్దిమందికి ఇచ్చి చూసి, కొంత మేలు కనబడిందని 2019లో ప్రకటించింది. సిట్రులిన్‌కు ఆ పేరు పుచ్చకాయ లాటిన్ పేరు నుంచి వచ్చింది. ఈ మాట విని పుచ్చకాయల కోసం పరుగెత్తవద్దు. వారు ఇచ్చిన మోతాదు ముక్కలు తిని అందుకునేది కాదు. విటమిన్ మాత్రలతో ఈ ఉబ్బసం తగ్గుతుందనీ రుజువు కాలేదు.

బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి ఊపిరి తేలికవుతుంది. అయితే దమ్ము వస్తే నడవలేరు, నడవకపోతే బరువు తగ్గదు, దమ్ము ముదిరితే మింగే స్టెరాయిడ్ మాత్రలు దీర్ఘకాలం వాడితే బరువును పెంచుతాయి. ఈ సుడిలో ఉన్న మనిషిని తిండిపోతని నిందించడం ఏ వైద్యం? పీల్చే స్టెరాయిడు ఇటువంటివారికి కొంత తక్కువగా పనిచేయవచ్చు గాని, మానడం ప్రమాదం.

ఏటా మృగశిర కార్తె వస్తే అమ్మకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం గుర్తుకొస్తుంది. బత్తిని వంశస్థులు కొర్రమీను పిల్ల నోట మందుపెట్టి మింగించే చేప ప్రసాదం అక్కడే. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. దానితో ఉబ్బసం పోతుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని ఆమెతో ఎన్నోసార్లు వాదించాను. ఆ వరుసలో ఎవరినీ త్రాసెక్కించరన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇప్పుడు పొద్దున్నే రెండుసార్లు పంపు పీల్చి, మాధవస్వామి గుడిదాకా నడుస్తుంది. మధ్యలో మూడుచోట్ల ఆగుతుంది. నిరుడు నాలుగుచోట్ల. మొన్న గుడిమెట్ల మీద కూర్చుని, "ఈసారన్న చేప మందుకు తోల్కపోతవా" అని అడిగింది.

"పంపు మానకుంటే పోదాం" అన్నాను.

"మానితే కద" అని కొంగుముడి విప్పి చూపింది.